వద్దన్నవాళ్ల జాబితా

ఆసుపత్రిలో ఆయన్ని పేరుపెట్టి పిలిచేవాళ్లు ఎవరూ లేరు. పెద్ద డాక్టర్ల దగ్గర్నుంచి బట్టలుతికే విభాగం దాకా అందరికీ ఆయన పోస్టుమాస్టరే. సంచీ లేదు, సైకిలు లేదు. నేలమాళిగలో, బట్టలుతికే యంత్రాల పక్క గదిలో, ఒక ఇనుప బీరువాలో నల్లటి సర్వరు ఉంటుంది. ఆసుపత్రికి వచ్చే ప్రతి మెయిలూ ముందు దాని గడప తొక్కాలి. ఇరవై రెండేళ్లుగా ఆ గడప దగ్గర కాపలా ఆయనదే. ఇన్నేళ్లలో ఇంకొకరికి వచ్చిన ఉత్తరం ఒక్కటి కూడా తెరిచి చూడలేదని ఆయనకు గొప్ప. ఆ గొప్పలో అబద్ధం లేదు.

ఆ రోజు ఉదయం తొమ్మిదీ నలభైకి ఆయన గదిలో అడుగుపెట్టేసరికి సర్వరు ఊపిరాడక కొట్టుకుంటోంది. తెర మీద మెమొరీ గీత ఎర్రబడి, నూటికి తొంభై ఎనిమిది దగ్గర నిలబడింది. చూస్తుండగానే టక్కున పడిపోయి, మళ్లీ పైకి పాకడం మొదలుపెట్టింది. పదహారు జీబీల మెమొరీ అంతా నిండిపోతే సర్వరు తనను తాను కాపాడుకోవడానికి తన పనుల్లో ఒకదాన్ని చంపేస్తుంది. చంపిన పని మళ్లీ లేస్తోంది, మళ్లీ తినడం మొదలుపెడుతోంది. అది ఏ పనో కనుక్కోవడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. చెత్త మెయిళ్లను ఏరి పక్కన పడేసే వడపోత ప్రోగ్రాము. అది చచ్చి లేచే ప్రతిసారీ బయట వరస పెరుగుతోంది. అప్పటికే పన్నెండు వందల మెయిళ్లు వాకిట్లో నిలబడి ఉన్నాయి.

మామూలు రోజైతే ఆయన నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని పని చూసుకునేవాడు. కానీ ఈ రోజు మధ్యాహ్నం పన్నెండింటికి నాలుగో అంతస్తులో అవయవ మార్పిడి కమిటీ కూర్చుంటుంది. వాళ్ల ముందుకొచ్చే ఫైళ్లలో ఆయన అక్కది ఒకటి. రెండు కిడ్నీలూ పాడై, పద్నాలుగు నెలలుగా వారానికి మూడుసార్లు ఇదే ఆసుపత్రి రెండో అంతస్తులో డయాలిసిస్ యంత్రానికి అతుక్కుని ఉంటోంది. తల్లి పోయాక ఇద్దరు తమ్ముళ్లకూ తల దువ్వి, బొత్తాలు పెట్టి బడికి పంపిన అక్క. పోస్టుమాస్టరుకు చక్కెర జబ్బు ఉంది కాబట్టి నీ కిడ్నీ పనికిరాదు పొమ్మన్నారు. ఇక మిగిలింది చిన్న తమ్ముడు. వేరే ఊళ్లో, వంతెనలు కట్టే కంపెనీలో ఇంజనీరు.

ఆసుపత్రిలో ఒక నియమం ఉంది. కిడ్నీ ఇమ్మని బంధువుల మీద ఎవరూ ఒత్తిడి పెట్టకూడదు. అందుకని ఆ అడిగే పని కుటుంబం చేతుల్లోంచి తీసేసి, మార్పిడి విభాగమే మెయిలు రాసి అడుగుతుంది. ఇష్టమున్నవాళ్లు తిరిగి రాస్తారు. రాయకపోతే ఇష్టం లేదని అర్థం. ఎందుకని ఎవరూ అడగరు, ఆ సంగతి తేలేదాకా ఇటునుంచి గానీ అటునుంచి గానీ ఇంట్లోవాళ్ల మధ్య ఫోన్లు ఉండకూడదు. చిన్నవాడికి నెల కిందట రాశారు, మధ్యలో ఇంకోసారి గుర్తుచేశారు. జవాబు లేదు. ఈ రోజు పన్నెండు దాటితే బంధువుల దారి మూసేసి, ముక్కూమొహం తెలియనివాళ్లెవరో పోతే దొరికే కిడ్నీ కోసం ఎదురుచూసే పెద్ద వరసలో అక్క పేరు చేరుస్తారు. ఆ వరస కదలడానికి ఆరేడేళ్లు. అక్కకు అంత వ్యవధి లేదని డాక్టరు చెప్పనే చెప్పాడు.

వాడు రాయడులే, నీ మీద కోపం ఇంకా చల్లారలేదు అని మొన్న అక్కే అంది. పోస్టుమాస్టరుకు ఒళ్లు మండింది. కోపం నా మీదైతే శిక్ష అక్కకా అని లోలోపల నానా మాటలూ తిట్టుకున్నాడు. ఆరేళ్ల కిందట తండ్రి మంచాన పడ్డప్పుడు వేరే ఆసుపత్రికి మారుద్దామని చిన్నవాడు, అక్కర్లేదు నా కళ్లెదుటే ఉండనీ అని పెద్దవాడు. పెద్దవాడి మాటే నెగ్గింది. తండ్రి ఇక్కడే పోయాడు. ఆ తర్వాత రోజుకొక మెయిలు, నువ్వే చంపావంటూ. పదకొండో రోజున పెద్దవాడు ఆ మెయిళ్లు తన పెట్టెలోకి రాకుండా ఆపేశాడు. మాటలు కూడా అక్కడితోనే ఆగిపోయాయి.

నెట్‌వర్క్ ఇంజనీరు అప్పటికే పక్క కుర్చీలో కూర్చుని ఉంది. ముప్పై ఏళ్ల మనిషి, ఈ ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలు. మాట తక్కువ, ప్రశ్నలెక్కువ. ఆ ప్రశ్నలు పోస్టుమాస్టరుకు చెవిలో జోరీగలు.

ముందుగా ఆయన అనుమానం స్కానింగ్ బొమ్మల మీదికి పోయింది. బయటి ల్యాబుల నుంచి బండల్లాంటి ఫైళ్లు మెయిళ్లకు తగిలించి పంపుతారు, వాటిని నమల్లేక వడపోత ఉబ్బిపోతోందని తేల్చేశాడు. పెద్ద ఫైళ్లున్న మెయిళ్లను వడపోయకుండానే వదిలెయ్యమని నిబంధన మార్చాడు. పావుగంట చూశారు. గీత మళ్లీ తొంభై ఎనిమిదికి ఎక్కి, మళ్లీ పడింది. వరస రెండువేలు దాటింది.

పైనుంచి డైరెక్టరు గారి ఫోను. రక్తపరీక్షల ఫలితాలు మెయిల్లో రాక నర్సులు కాగితాలు పట్టుకుని మెట్ల మీద పరుగులు తీస్తున్నారట, ఎప్పటికవుతుందట. పోస్టుమాస్టరు అరగంట అన్నాడు. ఎందుకన్నాడో ఆయనకే తెలియదు.

"సార్, ఈ వడపోత నకళ్లు ఇరవై ఉన్నాయేంటి? పోయిన వారం ఎనిమిదే కదా?" అంది ఇంజనీరు.

నీళ్లు నమలాల్సి వచ్చింది. వడపోత ప్రోగ్రాము ఒకేసారి ఎన్నో నకళ్లుగా విడిపోయి, ఒక్కో నకలు ఒక్కో మెయిలును చూస్తుంది. మెయిళ్లు నెమ్మదిగా వస్తున్నాయని పైనుంచి సణుగుళ్లు ఎక్కువయ్యేసరికి, ఎక్కువ మంది చూస్తే పని తొందరగా తెములుతుందని నిన్న సాయంత్రం ఆయనే ఎనిమిదిని ఇరవై చేశాడు. ఆమెతో చెప్పలేదు. చెప్పి ఉంటే ఎందుకని అడిగేది.

మళ్లీ ఎనిమిదికి దించారు. గీత మధ్యకు దిగి బుద్ధిగా నిలబడింది. పోస్టుమాస్టరు ఊపిరి పీల్చుకున్నాడు, కానీ ఆ సంబరం ఐదు నిమిషాలే. మెమొరీ నిలబడింది గానీ వరస కదలడం లేదు. నిమిషానికి అరవై వస్తుంటే నలభై లోపలికి పోతున్నాయి. వడపోత కుంటుతోంది. ఇరవై పెడితే సర్వరు చస్తుంది, ఎనిమిది పెడితే మెయిళ్లు చస్తాయి. టైము పదీ యాభై.

 ఒకవేళ చిన్నవాడు ఆఖరి నిమిషంలో మనసు మార్చుకుని రాసినా, ఆ మెయిలు ఈ మూడువేల వెనకాల నిలబడి ఉంటుంది కదా అని ఆయనకు తట్టింది. ఆ ఆలోచన వచ్చాక ఇంక బుర్ర పనిచేయలేదు. ఆపిన మెయిళ్లు పడి ఉండే గది ఒకటుంది సర్వర్లో. ముప్పై రోజులు ఉంచి, ఆ తర్వాత దానంతటదే చెరిపేస్తుంది. అందులో ఉన్నదంతా ఇప్పుడే చెరిపెయ్యమన్నాడు ఇంజనీరును, ఎంతో కొంత భారం తగ్గుతుందని.

"అది డిస్కు సార్, మెమొరీ కాదు. దాన్ని ఖాళీ చేస్తే మనకేం కలిసిరాదు."

"చెప్పింది చెయ్యమ్మా."

"చేస్తాను. కానీ వాటి కాపీ ఒకటి పక్కన పెట్టకుండా నేను ఏదీ చెరపను. దానికి గంట పడుతుంది. ఈ గంటలో అసలు సంగతి చూద్దామా?"

ఆయన ఆమె వంక కొరకొరా చూసి కీబోర్డు ఆమె వైపు తోశాడు. తర్వాత జీవితాంతం ఆ పిల్లకు చేతులెత్తి దణ్ణం పెట్టుకోవలసిన మాట అదేనని అప్పుడు ఆయనకేం తెలుసు.

ఆమె వడపోతను పూర్తిగా ఆపింది. మెయిళ్లు రాకుండా తలుపు మూసింది. ఒక్కటంటే ఒక్క నకలును లేపి, దాని బరువు చూసింది. ఎనిమిది వందల ఎంబీలు, అంటే ఇరవై నకళ్లకే పదహారు జీబీలూ చెల్లు.

"చూశారా? దీనికి ఇంకా ఒక్క మెయిలూ ఇవ్వలేదు. ఖాళీ కడుపుతోనే ఇంత బరువుంది. అంటే తప్పు మెయిళ్లది కాదు. లేచేటప్పుడే ఏదో మింగి లేస్తోంది."

లేచేటప్పుడు మింగేది నిబంధనల ఫైళ్లను. ఏది చెత్తో ఏది కాదో చెప్పే ఫైళ్లు. ఆమె వాటిని పరిమాణం ప్రకారం వరసగా పేర్చింది. అన్నీ గోరంత ఫైళ్లు, పైన ఒక్కటే కొండంత. దాని పేరు ‘వద్దు’.

పోస్టుమాస్టరు గొంతు సవరించుకున్నాడు. ‘వద్దు’ ఆయన జీవితకాలపు కష్టం. ఎవరు ఫోన్ చేసి ఈ అడ్రసు నుంచి విసిగిస్తున్నారు అంటే, ఆ అడ్రసును ఆయన ఒక పంక్తిగా చేర్చేవాడు, పక్కనే ఎవరు అడిగారో, ఎప్పుడో చిన్న మాట రాసేవాడు. చేర్చడమే గానీ తీసెయ్యడమన్నది లేదు. నాలుగేళ్ల కిందట పాత సర్వరు పోయి ఇది వచ్చినప్పుడు ఇంకో ఘనకార్యం చేశాడు. అప్పటిదాకా ఎవరి పెట్టెకు వాళ్లదిగా ఉండే వద్దన్న జాబితాలను కూడా తీసుకొచ్చి, అన్నీ కలిపి ఆసుపత్రి మొత్తానికి ఒకటే జాబితా చేశాడు. ఒకరికి చెత్త అయింది అందరికీ చెత్తే కదా అన్నాడు. అప్పటి డైరెక్టరు మీటింగులో నలుగురి ముందూ మెచ్చుకున్నాడు కూడా. ఇప్పుడందులో మూడు లక్షల పన్నెండు వేల పంక్తులున్నాయి. ప్రతి నకలూ ఆ మూడు లక్షలనూ విడివిడిగా మింగి, వచ్చిన ప్రతి మెయిలునూ వాటితో పోల్చి చూస్తోంది. బరువూ అదే, కుంటడమూ అదే.

ఇంజనీరు ఆ ఫైలును పక్కకు తీసింది. నకలును మళ్లీ లేపింది. డెబ్భై ఎంబీలు. ఇరవై నకళ్లూ లేపి తలుపు తెరిచింది. గీత కింద ఎక్కడో పచ్చగా పడుకుంది. నిమిషానికి మూడువందలు లోపలికి పోతున్నాయి. టైము పదకొండూ ఇరవై.

గండం గడిచింది. ఇంకొకరైతే ఆమె భుజం తట్టి కుర్చీలో వెనక్కి వాలేవారు. మన పోస్టుమాస్టరుకు పౌరుషం పొడుచుకొచ్చింది. ఇరవై రెండేళ్ల కష్టాన్ని ఎనిమిది నెలల మనిషి ఒక్క వేటుకు పక్కన పెట్టేసింది. ఆ జాబితా లేకపోతే రేపటికల్లా ఆసుపత్రి చెత్తలో మునుగుతుందన్నాడు. మిగతా వడపోత చాలు సార్, ఈ పంక్తుల్లో సగం అడ్రసులు ఇప్పుడు లేనే లేవు అంది ఆమె.

"అయితే చూద్దాం," అన్నాడు. "ఈ ముప్పై రోజుల్లో ఆపిన మెయిళ్లున్నాయి కదా. నా జాబితాలో ఏ పంక్తి ఎన్నింటిని ఆపిందో తీయి. అప్పుడు తెలుస్తుంది."

ఆమె తీసింది. మూడు లక్షల పన్నెండు వేల పంక్తుల్లో ఈ నెలలో పని చేసినవి రెండువందల పదకొండు. పోస్టుమాస్టరు మొహం చిన్నబోయింది. ఆమె దెప్పలేదు. ఆ రెండువందల పదకొండునీ కిందికి జరుపుకుంటూ చదువుతోంది. ఒకచోట ఆగింది.

"సార్, ఇదేంటి? ఒకే కంపెనీ నుంచి నాలుగు మెయిళ్లు ఆగిపోయాయి. నాలుగూ మార్పిడి విభాగానికి వచ్చినవే."

కంపెనీ పేరు చూడగానే ఆయన కుర్చీలోంచి లేచాడు. వంతెనలు కట్టే కంపెనీ. ఆ పంక్తి పక్కన రాసిన చిన్న మాట ఆయనదే. అడిగినవాళ్ల పేరు ఉండాల్సిన చోట ‘ఇక చాలు’ అని ఉంది. తేదీ ఆరేళ్ల కిందటిది, తండ్రి పోయిన పదకొండో రోజు. కోపంలో తమ్ముడి అడ్రసు ఒక్కటే కాదు, ఇంకో అడ్రసు నుంచి రాస్తాడేమోనని ఆ కంపెనీ మొత్తాన్నీ ఆపేశాడు. అప్పుడది ఆయన ఒక్కడి పెట్టెకే. తర్వాత అన్ని జాబితాలూ కలిపినప్పుడు దాన్ని కూడా కలిపాడు, చూడకుండానే. ఆ రోజు నుంచి ఆ కంపెనీ నుంచి ఎవరు రాసినా ఈ ఆసుపత్రిలో ఎవరికీ అందలేదు. ఆగిందని పంపినవాడికి తెలియదు, అందాల్సినవాడికీ తెలియదు. నీ మెయిలు ఆపామని చెత్త పంపేవాడికి కబురు చెప్పడమంటే తలుపు తీసి పలకరించడమేనని ఆ కబుర్లు కూడా మాన్పించింది ఆయనే.

నాలుగు మెయిళ్లు. ఇరవై ఆరు రోజుల కిందట ఒకటి. పంతొమ్మిది రోజుల కిందట ఒకటి. పదకొండు రోజుల కిందట ఒకటి. నిన్న సాయంత్రం ఒకటి. మొదటి మూడింటి పైనా ‘మీ ప్రశ్నకు జవాబు’ అని ఉంది. నాలుగో దాని పైన ‘నాలుగోసారి రాస్తున్నాను, దయచేసి చూడండి’ అని ఉంది.

ఇంజనీరుకు కథంతా తెలియదు. కానీ ఆయన మొహం చూసింది. "తెరవనా సార్?" అంది మెల్లగా.

ఒక్క నొక్కు నొక్కితే చాలు. చిన్నవాడు ఔనన్నాడో కాదన్నాడో తెలిసిపోతుంది.  ఆశ ఒకవైపు లాగుతోంది, భయం ఒకవైపు లాగుతోంది. నాలుగుసార్లు రాసి కాదనేవాడు ఉంటాడా? ఉంటాడేమో, వాడికి మొదటినుంచీ ముక్కు మీద కోపం.

"అది మనకు రాసింది కాదమ్మా. వాళ్ల పెట్టెలోకి వదులు. నాలుగూ. మిగతా రెండువందల పది పంక్తులు ఆపినవి కూడా చూడు, ఎవరెవరి ఇళ్లలో ఎవరెవరు ఎదురుచూస్తున్నారో. ఇదంతా నా వల్ల జరిగిందని డైరెక్టరు గారికి ఇప్పుడే రాస్తున్నాను."

రెండు వాక్యాలే రాశాడు. పంపాడు. మార్పిడి విభాగానికి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. కమిటీ రోజు కదా, అందరూ పైన గదిలోనే ఉంటారు. టైము పదకొండూ నలభై ఆరు.

లిఫ్టు దగ్గర స్ట్రెచరుతో వార్డువాళ్లు నిలబడి ఉన్నారు. ఆయన మెట్లెక్కాడు. నేలమాళిగ నుంచి నాలుగో అంతస్తుకు నూట పది మెట్లు. మూడో అంతస్తుకే కళ్లు బైర్లు కమ్మాయి. కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. పొద్దున్నుంచి ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. అక్కడే కూలబడితే నవ్వినవాళ్లు నవ్వుతారు గానీ అక్క ఫైలు మూతపడుతుంది. జేబులో ఎప్పుడూ ఉంచుకునే చక్కెర బిళ్ల నోట్లో వేసుకుని మిగతా మెట్లెక్కాడు.

కమిటీ గది తలుపు మూసి ఉంది. తట్టకుండా తోసేశాడు. బల్ల చుట్టూ ఏడుగురు, చివర్లో ఫైళ్ల దొంతరతో మార్పిడి విభాగం మేడమ్. ఆమె కోపంగా లేవబోయింది. కుటుంబ సభ్యులు ఈ గదిలోకి రాకూడదు.

"కుటుంబంగా రాలేదు మేడమ్. పోస్టుమాస్టరుగా వచ్చాను," అన్నాడు రొప్పుతూ. "మీకు రావాల్సిన నాలుగు మెయిళ్లను నా జాబితా ఆపేసింది. నెల రోజులుగా. ఇప్పుడు మీ పెట్టెలో ఉన్నాయి. నేను చదవలేదు. మీరు చదివాకే ఫైళ్లు మొదలుపెట్టండి."

ఆమె ఆయన్ని ఎగాదిగా చూసింది. కంప్యూటరు ముందుకు లాక్కుంది. ఆయన్ని బయటికి పొమ్మన్నారు.

బయట బల్ల మీద కూర్చున్నాడు. గోడగడియారం పన్నెండు దాటింది. పన్నెండుంపావు దాటింది. లోపల మాటలు వినిపిస్తున్నాయి గానీ అర్థం కావడం లేదు. దేవుణ్ణి మొక్కుకుందామంటే ఏమని మొక్కాలో తెలియలేదు. ఆపినవాడు దేవుడు కాదు మరి. తండ్రి గుర్తొచ్చాడు. ఏడుపొచ్చింది. ఏడ్చాడు కూడా, ఎవరైనా చూస్తారన్న సిగ్గు లేకుండా.

పన్నెండూ నలభైకి మేడమ్ ఒక్కతే బయటికి వచ్చింది. ఎవరేం రాశారో ఆమె చెప్పకూడదు. చెప్పలేదు.

"మీ అక్కగారి ఫైలు ఈ రోజు మూయడం లేదు," అంది. "అంతకంటే నన్నడక్కండి."

అడగలేదు. రెండంతస్తులు దిగి డయాలిసిస్ గదికి వెళ్లాడు. కిటికీ పక్క కుర్చీలో అక్క, చేతికి గొట్టాలు, ఒళ్లో పత్రిక. ఆయన మొహం చూసి పత్రిక మడిచింది. పక్కనే ఎత్తుపీట లాక్కుని కూర్చుని, నేల చూస్తూ చెప్పాడు.

"వాడు రాశాడక్కా. నెలలో నాలుగుసార్లు రాశాడు. నేనే ఆపాను."

ఎలా ఆపాడో అంతా చెప్పాడు. ‘ఇక చాలు’ అన్న మాటతో సహా. అక్క ఒళ్లోని పత్రిక పక్కన పెట్టింది. యంత్రం తన పని తాను చేసుకుపోతోంది.

"ఈ ఆరేళ్లలో వాడు నీకేమైనా రాశాడా?" అంది.

ఈ ప్రశ్న ఆయనకు ఇంతవరకూ తట్టలేదు. నాలుగు మెయిళ్లే చూశాడు, వాటి వెనకాల ఉన్న ఆరేళ్లను చూడలేదు.

"తెలీదక్కా. ముప్పై రోజులు దాటితే అదే చెరిపేస్తుంది."

అక్క కళ్లు మూసుకుంది. తర్వాత గొట్టాలు లేని చేత్తో పక్కనున్న సంచీ తడిమి ఫోను తీసింది. చిన్నవాడి నెంబరు ఆమె దగ్గర ఉంది, ఎప్పుడూ ఉంది. నియమం కోసం ఈ నెలంతా నొక్కలేదంతే. నొక్కి, మోగుతున్న ఫోనును ఆయన చేతిలో పెట్టింది.

"కిడ్నీ మాట ఎత్తకు. అది వాడిష్టం. నువ్వు ఆపిన సంగతి చెప్పు."

నాలుగోసారి మోగాక అవతల ఎత్తారు. వెనక ఏవో యంత్రాల చప్పుడు, గాలి.

"అక్కా, చెప్పవే," అంది ఆ గొంతు. ఆరేళ్లలో కొంచెం లావెక్కింది, అంతే.

"అక్క కాదురా. నేను."